ఫోటోలో కట్టిన గోడ

"మంచమ్మీద కూచోని బొమ్మలు చూసేది గూడా ఒక పనేనా?" అంటుంది మా అత్త పార్వతమ్మ, నేను ల్యాప్‌టాప్ తెరిచిన ప్రతిసారీ. ఆమె ఆ మాట అనేటప్పుడు నా ఒళ్ళో పళ్ళెం ఉంటుంది, పళ్ళెంలో చిక్కుడుకాయలుంటాయి. ఒక చేత్తో ఈనెలు తీస్తూ ఇంకో చేత్తో ఫోటోలు జరుపుతుంటాను. చిక్కుడుకాయలు ఆమె కంటికి ఆనవు.

మాది ప్రొద్దుటూరు. కింద మేముంటాం, పైన రెండంతస్తుల్లో ఆడపిల్లల హాస్టల్. నర్సింగుకనీ కోచింగులకనీ చుట్టుపక్కల ఊళ్ళ నుంచి వచ్చిన పిల్లలుంటారు. హాస్టల్ నా భర్త నరేష్‌ది. వంట నాది. వంటమనిషి మానేసిన పొద్దున "రెండు దినాలు చూసుకో, ఇంకొకామెను పెడతా" అన్నాడు. ఏండ్లు గడిచినా ఆ రెండు దినాలు పూర్తి కాలేదు. పొద్దున ఉగ్గానో ఉప్మానో, మధ్యాహ్నం అన్నం పప్పు, సాయంత్రం టీ, రాత్రికి మళ్ళీ అన్నం. చుట్టాలెవరైనా వచ్చి "కోడలేం చేస్తాది?" అని అడిగితే అత్త "ఏం చేస్తాది, ఇంట్లోనే ఉంటాది" అని చెబుతుంది. నేను డిగ్రీ చదివిన సంగతి కొన్నిసార్లు నాకే గుర్తుండదు.

మధ్యాహ్నం గిన్నెలు కడగడం అయిపోయాక, టీకి నీళ్ళు పెట్టేదాకా మిగిలే కాసేపట్లో నేను చేసే పని ఇది. దారి తెలియనప్పుడు అందరం ఫోన్లో మ్యాపు చూసుకుంటాం కదా, అందులో హోటళ్ళ ఫోటోలు, గుళ్ళ ఫోటోలు, ఆసుపత్రుల ఫోటోలు ఎవరైనా పెట్టవచ్చు. పెట్టినవాటిలో ఏవి నిజమో, ఏవి కాదో చూసి చెప్పాలి. బెంగళూరులో ఒక చిన్న కంపెనీ ఈ పని పంచుతుంది. తెలుగు ఊళ్ళవి నాకు వస్తాయి. మొదట్లో వేరేచోటి ఫోటో తెచ్చి పెట్టేవాళ్ళు, పట్టుకోవడం సులభం. ఈమధ్య ఏఐతో చేసినవి వస్తున్నాయి. లేని హోటలుకు కూడా బల్లలు, కుర్చీలు, తింటున్న జనం, అన్నీ ఉంటాయి.

అయినా తెలిసిపోతుంది. నేను పుట్టి పెరిగింది జమ్మలమడుగులో. అన్నీ బండరాళ్ళే ఉండే గండికోట లోయ అంచున వరసగా కొబ్బరిచెట్లున్న ఫోటో వస్తే తోసేయడానికి ఎంతసేపు పడుతుంది? చిలమకూరు హోటలని ఒకటి వచ్చింది. హోటలు ముందు వేపచెట్టు ఆకులు కడిగినట్టు మెరుస్తున్నాయి. ఆ ఊరి సిమెంటు ఫ్యాక్టరీ పక్కన ఏ ఆకయినా బూడిదరంగు దుమ్ము లేకుండా ఉంటుందా? ఇక వంటిళ్ళయితే చూసీ చూడగానే చెప్పగలను. ఆ వంటిళ్ళలో ఎవరూ వండరు. పొయ్యి మీద పాలు పొంగిన మరక ఉండదు. గట్టు మీద తడి ఉండదు. వేడి గిన్నె దించే మసిగుడ్డ ఎక్కడా కనపడదు. గిన్నెలన్నీ ఎవరూ తోమకుండానే మెరుస్తుంటాయి. అట్లాంటి ఫోటో చూసినప్పుడు 'ఇది అబద్ధం' అన్న మాట కంటే ముందు నాకు చిన్న అసూయ కలిగేది. ఒక్కరోజు అట్లాంటి వంటింట్లో నిలబడితే ఎట్లుంటుందో అనిపించేది.

ఒక ఆదివారం సాయంత్రం నేను రొట్టెలు కాలుస్తుంటే నరేష్ వంటింటి గడపలోకి వచ్చి నిలబడ్డాడు. నీళ్ళు కావాలేమో అనుకున్నాను.

"ఆ దొంగ ఫోటోలుంటాయి కదా, నువ్వెట్ల కనుక్కుంటావే వాటిని?" అన్నాడు.

నేను రొట్టె తిప్పడం మరిచిపోయాను. పెళ్ళయినప్పటి నుంచి ఆయన నా పని గురించి అడగడం అదే మొదలు. 'నీ పని' అన్న మాట ఆ ఇంట్లో విననే లేదు. 'నీ ఫోను', 'నీ కాలక్షేపం', అంతే. మొదట రెండు ముక్కలే చెప్పాను, ఎక్కువ చెబితే వెళ్ళిపోతాడేమోనని. ఆయన వెళ్ళలేదు. స్టూలు లాక్కుని కూర్చున్నాడు. "ఇంకా?" అన్నాడు. అప్పుడు ఇక నన్ను నేను ఆపుకోలేకపోయాను. దుమ్ము గురించి చెప్పాను. మసిగుడ్డ గురించి, పాల మరక గురించి చెప్పాను. కొత్త గోడయినా సరే, వాన చూసిన గోడకు అడుగున పాకుడు పడుతుందని, ఏఐ గోడలకు అది ఉండదని చెప్పాను. పిల్లలుండే చోట తాడు మీద బట్టలు ఒక తీరుగా ఆరవని, ఒకటి జారి ఉంటుందని, ఒకటి తిరగేసి ఉంటుందని చెప్పాను. ఆయన తల ఊపుతూ విన్నాడు. "అబ్బా, ఇంత ఉందా దీంట్లో! నీకు శానా తెలుసే" అన్నాడు. పెనం మీద రొట్టె మాడిపోయింది. అత్త లోపలి నుంచి "ఏందా కమురు వాసన?" అని అరిచింది. నాకు నవ్వొచ్చింది. మాడిన రొట్టె నేనే తిన్నాను, ఎంతో రుచిగా ఉందనిపించింది. ఆ వారమంతా నేను పనిలో ఉండి కూడా తేలికగా తిరిగాను. మనల్ని ఒక మనిషి ఒక మాట అడిగితే ఇంత బతుకు వస్తుందా అని నాకే ఆశ్చర్యమేసింది.

కొన్ని వారాల తర్వాత తొండూరు నుంచి నారాయణ అనే రైతు తన కూతురు హాసినిని తీసుకుని వచ్చాడు. ఆ అమ్మాయికి నర్సింగులో సీటొచ్చింది. ఆయన గేటు దగ్గర నిలబడి చేతిలో ఫోను చూస్తూ, మా ఇంటి వైపు చూస్తూ, మళ్ళీ ఫోను చూసుకున్నాడు. "ఇదేనా తల్లీ?" అని నన్ను అడిగాడు. నరేష్ ఎదురెళ్ళి ముందుగదిలో కూర్చోబెట్టాడు. నేను టీ తెచ్చాను.

"లోపల ఒకసారి చూడొచ్చునా అప్పా?" అన్నాడు నారాయణ.

"ఆడపిల్లలుండే చోటు గదన్నా. మగోళ్ళను పంపియ్యం లోపలికి. మన పాప భద్రం కోసమే" అన్నాడు నరేష్.

ఆ మాటకు నారాయణ మొహంలో ఎంత తృప్తి కనిపించిందో! "అదే గావాల్సింది" అన్నాడు. టీ తాగుతూ నా వైపు తిరిగి, "ఫోన్లో శానా హాస్టళ్ళు చూస్తి తల్లీ. అన్నీ అద్దాల మాదిరి మెరుస్తాండె. నాకు నమ్మకం కుదర్లే. ఇదొకటే ఇల్లు మాదిరి కనపడె. పొయ్యికాడ మసిగుడ్డ ఉండాది, పాలు పొంగిన మరక ఉండాది. ఒళ్ళు వంచి పనిజేసే ఆడమనిషి ఉండే చోటు ఇది, బిడ్డ ఆకలి తెలుస్తాది అనుకుంటి. అందుకే నమ్మితి" అన్నాడు.

నా చేతిలో ట్రే ఉంది. దాన్ని ఎక్కడ పెట్టాలో నాకు తెలియలేదు.

కూతురిని దింపి ఆయన బస్సుకు వెళ్ళిపోయాక మ్యాపు తెరిచి మా హాస్టల్ చూశాను. ఈ ఫోటోలు నా దగ్గరికి రాలేదు. నాలాంటి ఇంకెవరి దగ్గరికో వెళ్ళాయి, వాళ్ళు నిజమనుకుని వదిలేశారు. వాళ్ళ తప్పు లేదు, నేనయినా తడబడేదాన్నే. తాడు మీద చున్నీ ఒకటి జారి ఉంది. గట్టు మీద తడి ఉంది. పెరట్లో స్నానాల గదుల వెనక నిలువెత్తు గోడ, గోడ అడుగున పచ్చటి పాకుడు. మా పెరట్లో ఆ గోడ లేదు. నడుమెత్తుకు లేచి ఆగిపోయిన ఇటుకల వరస ఉంది, దాని అవతల సందు. స్నానాల గదుల్లో ఒకదానికి గడియ లేదు. గోడ ఎత్తు చేయించమని, గడియ పెట్టించమని నేను అడగని నెల లేదు. "వచ్చే నెల" అని ఆయన అనని నెలా లేదు.

"ఇవి నువ్వు చేసినావా?" అని అడిగాను.

"ఏమాయె ఇప్పుడు? గోడ కట్టేదే గదా. ముందుగా చూపిస్తే తప్పేంది?" అన్నాడు నరేష్. తర్వాత నవ్వాడు. నా భుజం తట్టి, "నువ్వు చెప్పబట్టే ఇంత బాగొచ్చినాయి. లేకుంటే నాకు మసిగుడ్డ సంగతి తెలుస్తాదా?" అన్నాడు.

మెచ్చుకున్నాడు. అదే నేను తట్టుకోలేకపోయాను. తిట్టి ఉంటే, అబద్ధమాడి ఉంటే, కోపం తెచ్చుకునేదాన్ని. ఆ ఆదివారం స్టూలు మీద కూర్చుని ఆయన విన్నది నన్ను కాదని, నేను కళ్ళు నొప్పెట్టేలా నేర్చుకున్నదాన్ని గిన్నెలోంచి కూర తోడుకున్నట్టు తోడుకుపోయాడని అప్పుడు తెలిసింది. వంటింట్లోకి వెళ్ళి తలుపు దగ్గరికి వేసుకున్నాను. ఏడుపు రాలేదు. బియ్యం కడిగాను. కడిగిన బియ్యమే మళ్ళీ కడిగాను.

మరునాడు హాసినిని పెరట్లోకి తీసుకెళ్ళి అన్నీ చూపించాను. గడియ లేని తలుపు చూపించాను, గోడ చూపించాను. "మీ నాయనకు ఫోన్ చేసి చెప్పు. నేనైనా చెప్తా" అన్నాను.

ఆ అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. "వద్దక్కా. నీకు దండం పెడతా. ఇంటరు అయినాంక శానా బతిమాలితే పంపిచ్చినాడు. ఈడ గోడ లేదని తెలిస్తే గోడ ఉండే ఇంకో హాస్టలు చూడడక్కా. ఇంటికి తీసకపోతాడు. మా అక్కను గూడా అట్లే తీసకపోయినాడు."

ఆ పిల్ల చెప్పింది నిజం. నిజం చెబితే గోడ లేవదు, పిల్ల చదువు కూలుతుంది. నా పాత చీర ఒకటి తెచ్చి ఇటుకల మీద నుంచి చూరుకు అడ్డంగా కట్టాను. ఒకరు లోపలికి పోతే ఒకరు బయట కాపలా ఉండాలని పిల్లలు వాళ్ళలో వాళ్ళే కట్టుబాటు చేసుకున్నారు. హాసినికి తోడు సాజియా ఉండేది. ఎర్రగుంట్ల పిల్ల, ఆ అమ్మాయి కూడా నర్సింగే. ఇద్దరూ పొద్దున్నే నా దగ్గరికొచ్చి "అక్కా, తరుగుదామా?" అని ఉల్లిగడ్డలు ముందేసుకునేవాళ్ళు. హాసిని ఎముకల పేర్లు వరసగా అప్పజెప్పేది. నేను పప్పు కలుపుతూ వినేదాన్ని. నాకూ కొన్ని వచ్చేశాయి.

ఒక పొద్దున సాజియాకు జ్వరం. హాసిని ఒక్కతే స్నానానికి వెళ్ళింది. నేను పొయ్యి దగ్గరుండగా అరుపు వినపడింది. పరుగెత్తేసరికి నా చీర చినిగి కింద పడి ఉంది. ఎవడో ఇటుకలు దాటి సందులోకి దూకిన చప్పుడు మాత్రం విన్నాను, మొహం చూడలేదు. వెంటిలేటర్ దగ్గర చెయ్యి, చేతిలో ఫోను, అంతే చూసింది హాసిని. తడి బట్టల్లోనే నా వంటింట్లో పొయ్యి పక్కన కూర్చుండిపోయింది. దుప్పటి కప్పితే అది కూడా తడిసింది.

"తెల్లారీ తెల్లారకముందే ఒక్కతే పోకుంటే ఏంబోయె?" అంది అత్త.

"పోలీసులకు చెబుదాం" అన్నాను నేను.

"ఎవుడని చెప్తావు? మొగం చూసినావా?" అన్నాడు నరేష్. "గమ్మునుండండి అందరూ. ఈ మాట బయటికి పోతే హాస్టలు పేరు పోతాది. ఆ పాప పేరు గూడా పోతాది, అది ఆలోచించినారా?"

జ్వరంతో వణుకుతూ మెట్లు దిగి వచ్చిన సాజియా ఆ మాటలన్నీ విన్నది. నారాయణకు ఫోన్ చేసింది ఆ అమ్మాయే. తర్వాత నా దగ్గరికొచ్చి, "చెప్పకుంటే రేపటికి వీళ్ళు దీన్ని మర్చిపోతారక్కా. హాసిని మర్చిపోతాదా?" అంది.

నారాయణ మధ్యాహ్నం బస్సుకు వచ్చాడు. కేకలేస్తాడని, నరేష్ కాలరు పట్టుకుంటాడని నేను ఎదురుచూశాను, నిజం చెప్పాలంటే కోరుకున్నాను. ఆయన నేరుగా పెరట్లోకి వెళ్ళాడు. ఈసారి ఎవరూ ఆపలేదు. ఇటుకల వరస దగ్గర నిలబడితే అది ఆయన నడుముకు వచ్చింది. జేబులోంచి ఫోను తీసి ఆ ఫోటో తెరిచి, గోడ చూసి, మళ్ళీ ఫోటో చూశాడు. తర్వాత నా వైపు తిరిగాడు.

"నీకు తెల్సునా తల్లీ?"

"తెల్సప్పా" అన్నాను.

ఆయన తల ఊపాడు. ఒక్క మాటయినా అని ఉంటే బాగుండేది. లోపలికి వెళ్ళి కూతురి పెట్టె భుజాన పెట్టుకున్నాడు. హాసిని గడప పట్టుకుని నిలబడింది.

"నాయనా, నేనేం జేసినా? గోడ కట్టంది వాళ్ళు. తొంగి చూసినోడు ఎవుడో. చదువు నాదెందుకు పోవాల?"

"నీ తప్పని ఎవురన్నారమ్మీ" అన్నాడు ఆయన. ఆ గొంతులో నిజంగా ప్రేమ ఉంది. "దా, పోదాం. బస్సుకు టైమాయె."

ఎంత ప్రేమగా పిలిచినా అది ఇంటికే. ఆ అమ్మాయి గడప వదిలింది. గేటు దాటేటప్పుడు నా వైపు చూడలేదు. సాజియా మాత్రం పైనుంచి "హాసినీ, పరీక్షలకు రాయే!" అని అరిచింది.

మరునాడు గిన్నెలు కడగకుండానే ల్యాప్‌టాప్ తెరిచాను. రిపోర్టు పెట్టేముందు ఫోటోలన్నీ ఒక్కొక్కటిగా పెద్దవి చేసి చూశాను. వంటింటి ఫోటోలో, కిటికీ వెలుగు పడేచోట, ఒకామె నిలబడి ఉంది. అంతకుముందు నా కళ్ళు మసిగుడ్డ దగ్గరే ఆగిపోయాయి కాబట్టి ఆమెను సరిగా చూడలేదు. తెల్లగా ఉంది. నున్నగా దువ్విన జుట్టు. ముంజేతుల మీద ఒక్క కాలిన మచ్చ లేదు. గరిటె పట్టుకుని నవ్వుతోంది. నరేష్ నేను చెప్పినవన్నీ పెట్టాడు, దుమ్ము, మరక, తడి, పాకుడు. మనిషి దగ్గరికొచ్చేసరికి మాత్రం నేను చెప్పనిదాన్ని, నాలా లేనిదాన్ని ఎంచుకున్నాడు. నా పొయ్యి ముందు, నా మసిగుడ్డ పక్కన, ఎవరూ కాని ఒక ఆడది. కోపం కంటే ఎక్కువగా నాకు జాలి వేసింది, ఆమె మీద కాదు, ఆయన మీదా కాదు. అన్నేళ్ళు ఆ వంటింట్లో ఉడికిన మనిషి మీద.

'ఈ ఫోటోలు ఏఐతో చేసినవి. పెట్టింది నా భర్త. ఈ చోటు మా ఇల్లే. ఇక్కడ ఈ గోడ లేదు' అని రాసి పంపాను. జవాబు తొందరగానే వచ్చింది. స్థలం యజమానికి నేను బంధువును కాబట్టి నాకు పని ఆపేశారట. ఫోటోలు పరిశీలనలో ఉన్నాయట. పరిశీలన ఎప్పుడు ముగుస్తుందో రాయలేదు. ఫోటోలు అక్కడే ఉన్నాయి, నేనే లేను.

పని పోయిందని చెబితే అత్త "పీడ పోయె" అంది. నరేష్ ఎందుకు పోయిందని కూడా అడగలేదు. ఉగ్గాని తింటూ ఒక క్షణం ఆలోచించి, "ఒకందుకు మంచిదేలే" అన్నాడు. హాస్టల్ ఫోను తీసి నా ముందు పెట్టాడు. "ఇంక ఈ ఫోన్లు నువ్వెత్తు. తొండూరాయన ఎవురికన్నా చెప్పింటాడు, అడిగేవాళ్ళు అడుగుతారు. ఆడగొంతు వింటే అమ్మానాయనలకు ధైర్యం. ఏమడిగినా, ఫోటోలో ఉండేట్లే ఉంటాదని చెప్పు. అంతే."

నేను ఫోను తీసుకోలేదు, తోసేయలేదు. అది బల్ల మీదే ఉండగా మోగింది. నరేష్ నోట్లో ముద్దతోనే 'ఎత్తు' అని సైగ చేశాడు.

"హలో, హాస్టలాండి? పులివెందుల నుంచి మాట్లాడతాండా" అంది అవతలి గొంతు. ఒక తల్లి గొంతు, కొంచెం జంకుతూ. "మా పాపకు ఆడ కాలేజీలో సీటొచ్చింది. వాళ్ళ నాయన వద్దంటాండాడు. నేనే పట్టుబట్టి పంపిస్తాండా. ఫోటోలు చూసినాను. ఆడ అంతా అట్లే ఉంటాదా అమ్మా?"

నరేష్ తల ఊపాడు, ఊ అని చెప్పమన్నట్టు. అత్త నీళ్ళ చెంబు పట్టుకుని ఆగింది. పైన మెట్ల మీద సాజియా నిలబడి ఉంది, చేతిలో పుస్తకాలతో.

"లేదమ్మా" అన్నాను. "పెరట్లో గోడ లేదు. ఫోటోలోదే ఆ గోడ. ఒక తలుపుకు గడియ లేదు. అది ఈ పొద్దు నేను పెట్టిస్తా. గోడ ఎప్పుడు లేస్తాదో నాకు తెలీదు."

నరేష్ లేచాడు. కుర్చీ వెనక్కి పడింది. "ఏం మాట్లాడతాండావే?" అంటూ చెయ్యి చాపాడు. నేను ఫోనుతో పాటు లేచి, వంటింటి గడప దాటి లోపలికి వెళ్ళి, తలుపుకు వీపు ఆనించి నిలబడ్డాను. వెనక తలుపు మీద ఆయన చెయ్యి పడుతోంది.

అవతల ఆమె ఫోను పెట్టేస్తుందనుకున్నాను.

"పాప చదువు మాత్రం మాన్పించొద్దమ్మా" అన్నాను. "ఒక్క దినం వచ్చి నీ కండ్లతో చూసుకో. ఈడ బాగలేకుంటే ఊర్లో ఇంకోటి ఇద్దరం కలిసి వెతుకుదాం. నేను తిప్పుతా నిన్ను."

"మీరు..." అందామె. "ఆ ఫోటోలో వంటింట్లో నవ్వుతా నిలబడుకున్న ఆయమ్మేనా?"

"ఆమె లేదమ్మా" అన్నాను. "ఉండేది నేను. నా పేరు జాహ్నవి."